పెట్టె పలికేదాకా

విశాఖలో కాలేజీ దగ్గర నేను అద్దెకుంటున్న గదిలో, కిటికీ కింద, మోకాలెత్తున ఒక పనసచెక్క పెట్టె ఉంది. స్విచ్ వేస్తే వెంటనే ఏమీ జరగదు. లోపలి గాజు వాల్వుల అడుగున సన్నగా నారింజ రంగు వెలుగు పుట్టి, నెమ్మదిగా పైకి పాకి, గాజంతా వేడెక్కాక గాని అది నోరు విప్పదు. ఈలోగా నేను ఫోన్లో ఒకటో రెండో రీల్సు చూసేస్తాను. అప్పటికి వాసన మొదలవుతుంది. కాలిన దుమ్ము, వార్నిష్, వాటి వెనకెక్కడో పనసపండు కోసిన ఇంట్లో మర్నాటిదాకా ఉండిపోయే తీపి. గదికొచ్చిన స్నేహితులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, ఎక్కడ దొరికిందని అడుగుతారు. మా మావయ్యదని చెప్పి ఊరుకుంటాను. ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు ఆకలేస్తుంది, చేపల పులుసు గుర్తొస్తుంది, గుర్తొచ్చినందుకు సిగ్గేస్తుంది. ఈ మూడింటికీ ఉన్న సంబంధం ఫొటో దిగే వాళ్ళకి నిలబడి చెప్పేంత చిన్నది కాదు.

పాట వింటున్నప్పుడు చెవికి విడిగా తెలియకుండా కడుపులో తగిలే లోతు శబ్దం ఒకటుంటుంది కదా, అది బేస్ గిటారుది. ఆ గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్లిఫయర్ ఈ పెట్టె. విజయనగరంలో ఏ పండగకైనా పెళ్ళికైనా ఆర్కెస్ట్రా పార్టీని పిలిచే రోజుల్లో, మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నయ్య, కలకత్తా రైలెక్కి వెళ్ళి, అక్కడి పాత సామాన్ల బజార్లో దీన్ని కొని, తిరుగు ప్రయాణంలో సీటు తను కూర్చోకుండా దీనికిచ్చి తెచ్చుకున్నాడట. ఇంట్లో ఎవరూ దాన్ని యాంప్లిఫయర్ అనేవారు కాదు. పెట్టె అనేవారు. అది మోగదు, పలుకుతుంది. అలాగే అనాలి. మోగింది అంటే మావయ్య మొహం ముడుచుకునేవాడు.

నేను పుట్టిందీ పెరిగిందీ విశాఖలో, మూడో అంతస్తు ఫ్లాట్లో. లిఫ్టులో ఎదురైన వాళ్ళని చూసి నవ్వాలో వద్దో తెలియని ఊరి పిల్లని. సెలవులివ్వగానే అమ్మ నన్ను విజయనగరం తీసుకెళ్ళేది. మావయ్య ఇంటి ముందు గది వీధిలోకి తెరుచుకుని మోటార్లు వైండింగు చేసే షాపుగా ఉండేది, దాని వెనక పెంకుటిల్లు, ఆ వెనక వంటింటికి మాత్రం కొత్తగా వేసిన శ్లాబు. షాపులో ఎప్పుడూ రాగి తీగ, కాలిన మోటార్లు, వార్నిష్ వాసన. మావయ్య జేబులో టెస్టర్ లేకుండా నేనెప్పుడూ చూడలేదు, పెళ్ళి పట్టుబట్టల్లో కూడా. పని చేస్తూ కూనిరాగం తీసేవాడు గాని, పాట కాదు, పాట కింద నడిచే బేస్ ముక్క ఒక్కటే తీసేవాడు. అందుకని అది ఏ పాటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఊరికే గేదె నెమరేస్తున్నట్టు ఉంటుందని అత్త వెక్కిరించేది.

అత్తది భోగాపురం దాటాక సముద్రం పక్కనున్న ఊరు. వాళ్ళ నాన్న, అన్న, చుట్టాలు అందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. అమ్మోరి పండక్కి ఆ ఊళ్ళో పాడటానికి వెళ్ళిన ఆర్కెస్ట్రాలో, అందరూ పాడేవాళ్ళని చూస్తుంటే, ఈవిడ మాత్రం మూల నిలబడి తల కూడా ఎత్తకుండా లావు తీగలు లాగుతున్న మనిషిని చూసిందట. మిగతా కథ ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేదు, చెప్పమంటే అత్త నవ్వి ఒక మొట్టికాయ వేసేది. మాట పెద్దది, నవ్వు పెద్దది, చెయ్యి పెద్దది. "ఏటే గుంటా, ఎప్పుడూ ఆ ఫోనేనా, కళ్ళు గుంటలు పడిపోతాయి" అని నా చేతిలో ఉన్న అమ్మ ఫోను లాగేసి, ఆ చేతిలోనే ఏదో ఒకటి తినేది పెట్టేది. వేసవిలో ముంజులు, జీడిమామిడి పళ్ళు, దసరాకి బూరెలు, వానాకాలంలో కుంపటి మీద కాల్చిన మొక్కజొన్న. కానీ ఇవన్నీ ఆవిడ మాకు పెట్టేవి. ఆవిడ తనకి తాను పెట్టుకునేది చేప.

అత్త చేప తినడం చూడాలి. అందరం తిన్నాక, వంటింట్లో పీట వేసుకుని, కంచంలో కాదు, పులుసు వండిన దాకలోనే అన్నం వేసుకుని, అడుగంటిన ఉల్లిపాయ ముక్కల్ని వేళ్ళతో గీరి కలుపుకుని, తలకాయ ముక్కని చప్పరించి, వెన్నుముల్లుని ఒక్క ఊపులో దువ్వెనలా తీసి అంచున పెట్టి, కళ్ళు సగం మూసుకునేది. ఆ సమయంలో ఎవరైనా పిలిస్తే పలికేది కాదు. వాళ్ళ అన్న సైకిలు మీద తెచ్చే నెత్తళ్ళు, కవ్వళ్ళు, అదృష్టం బాగున్న రోజు చందువ. నెత్తళ్ళని పుల్లమామిడికాయతో దగ్గరికి ఇగర్చి వండితే వీధి చివరి ఇంటికి తెలిసేది. నేను పక్కన గొంతుక్కూర్చుని, కడుపు నిండి కూడా, నోరు తెరుచుకుని ఉండేదాన్ని. ముళ్ళు తీసిన ముద్ద ఒకటి ఆ దాకలోంచి నా నోట్లో పడేది. నా జీవితంలో అంత రుచి ఇంకెక్కడా తగల్లేదు, రెస్టారెంట్లో ఫొటో తీసుకుని తిన్న వాటిలో కూడా.

దసరాకి మావయ్య పనిముట్లన్నీ కడిగి పూజలో పెట్టేవాడు. కటింగ్ ప్లేయరు, వైండింగు మిషను, గిటారు, వాటన్నిటి మధ్యలో పసుపు రాసిన పీట మీద పెట్టె. పెట్టెకి మామిడాకులు కట్టి, కుంకం బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసేవారు. మిగతావి మర్నాడే పనిలోకి వచ్చేసేవి. పెట్టె మాత్రం పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారి కూర్చున్న సిరిమాను ఊరేగి, ఆ మీద మంగళవారం చెరువులో తెప్పోత్సవం కూడా అయితే గాని పీట దిగకూడదు. ఇది అత్త పెట్టిన కట్టు. దానికో కారణం ఉంది. నేను పుట్టక ముందు ఒక ఏడు సాలూరులో లారీల వాళ్ళు ఏదో ఫంక్షనుకి పిలిస్తే, తెప్పోత్సవం కాకముందే పెట్టెని లేపి తీసుకెళ్ళారు. వస్తుంటే వ్యాను బోల్తా కొట్టింది. డ్రమ్ములు వాయించే ఆయన కాలు విరిగింది, ఆ కాలు మళ్ళీ డ్రమ్ము పెడలు తొక్కలేదు. అప్పట్నుంచి ఆ పది రోజులూ మేం పిల్లలం కూడా ఆ పీట చుట్టూ పక్కకి ఒత్తిగిలి నడిచేవాళ్ళం.

హుద్‌హుద్ తుపాను వచ్చిన ఏడు నాకు పదేళ్ళు. అమ్మా నేనూ సిరిమాను చూడ్డానికి వెళ్ళాం. జనం సిరిమాను మీదికి విసిరే అరటిపళ్ళలో ఒకటి పట్టుకోవాలని మావయ్య భుజాలెక్కి ఎగిరి ఎగిరి, చెమటకి తడిసి, జ్వరం తెచ్చుకున్నాను. దాంతో తిరుగు ప్రయాణం ఆగిపోయింది. శనివారం నుంచే టీవీ వాళ్ళు చెబుతున్నారు. నేను అమ్మ ఫోన్లో ఆ తెల్లటి చక్రం తిరుగుతూ మా వైపు రావడం చూసి, సినిమా మొదలవబోతున్నంత సంబరపడ్డాను. ఆ సాయంత్రం మావయ్య పెట్టె దగ్గర చాలాసేపు నిలబడి, అటక వైపు చూసి, వంగి రెండు చేతులూ పెట్టె కిందకి పెట్టాడు.

"తెప్పోత్సవం కాకండా లేపకు మావా" అంది అత్త, వంటింటి గుమ్మంలోంచి. "సాలూరు తోవలో ఏటయినాదో మర్సిపోనావా?"

మావయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి గాలి అరుపు ఎలా ఉందంటే, నా పక్కనే కూర్చున్న అమ్మ నోరు కదలడం కనిపిస్తోంది గాని మాట వినిపించట్లేదు. అందరం శ్లాబు కింద వంటింట్లో, గట్టు మీదికెక్కి కూర్చున్నాం. ముందు పెంకులు ఒక్కొక్కటీ ఎగిరాయి, తర్వాత వరసలకి వరసలు ఎవరో చేప పొలుసు గీసినట్టు లేచిపోయాయి. పైనుంచి వాన, కింద కాలవ పొంగి గుమ్మం దాటిన బురద నీళ్ళు. వంటింట్లోంచి చూస్తే, నడి గదిలో పెట్టె పీట మీద నిలబడే ఉంది. మామిడాకులు తేలిపోయాయి. దాని పసుపు కరిగి చుట్టూ నీళ్ళు పచ్చగా అవుతున్నాయి. మావయ్య లేచాడు. అత్త అతని చొక్కా వెనకనించి రెండు చేతులతో పట్టుకుంది, ఎందుకంటే ఆ గదిలో దూలాల మీంచి పెంకులు ఇంకా రాలుతున్నాయి. చొక్కా చిరిగింది, ఆవిడ వదల్లేదు. మావయ్య మళ్ళీ కూర్చుని, నీళ్ళు పెట్టె మూతి దాకా ఎక్కడం చివరిదాకా చూశాడు.

తర్వాత రోజుల్లో కరెంటు లేదు, ఫోన్లకి సిగ్నలు లేదు, వీధి నిండా విరిగిన పెంకులు. మా పిల్లలకి మాత్రం అది స్వర్గం. ఏడు పెంకులాటకి పెంకులు వెతుక్కోవాల్సిన పని లేదు, కావలసిన సైజుల్లో కావలసినన్ని. మా అరుపులతో వీధి హోరెత్తుతుంటే పెద్దవాళ్ళు తమ ఇళ్ళ మీద ఆకాశం చూస్తూ నిలబడేవాళ్ళు. అలాంటి ఒక పొద్దున్న మావయ్య పెట్టెని లేపాడు. ముందు జాలీలోంచి బురద నీళ్ళు ధారకట్టాయి. తువ్వాలుతో దాన్ని నలువైపులా తుడిచి, గోనెసంచి చుట్టి, మంచం కిందకి తోసేశాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. అత్త ఆ మాట కోసం రెండ్రోజులు చూసి, మూడోరోజు స్నానం చేసి, అమ్మవారి పటం ముందు నిలబడి, ఇంట్లో అందరికీ వినపడేలా మొక్కుకుంది. "నానే ఆపినాను తల్లీ. ఆ పెట్టి మల్లీ పలికీదాకా సేప ముట్టను."

అమ్మ లబలబలాడింది. ఒక నెల చాలు, పోనీ ఒక ఏడు అనుకో అని బతిమాలింది. అమ్మవారితో బేరాలేటని అత్త కసురుకుంది. ముందు గదిలో వైండింగు మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరగడం మొదలెట్టింది.

ఆ ఇంట్లో చేప వండటం ఆగిపోయుంటే మాకు శిక్షలా ఉండేది. ఆగలేదు. అత్త మా కోసం వండుతూనే ఉంది, ఇంకా బాగా వండింది. వాళ్ళన్న చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి, చెల్లెలి మొహం చూడలేక సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. అత్త బూడిద రాసి, పొలుసు గీసి, కడిగి, మామిడికాయ వేసి ఇగర్చి, చివర్లో నన్ను పిలిచేది. ఉప్పు తను చూడకూడదు కదా. ఆ పని నాకొచ్చింది. నా అరచేతిలో గరిటె తిరగేసి, ఊది, నా మొహం వైపే చూస్తూ నిలబడేది. నేను కళ్ళు మూసుకుని చప్పరించేదాన్ని. సరిపోయిందనడానికి మొదటి చుక్కే చాలు. అయినా ఇంకొంచెం వెయ్యి, తెలియట్లేదు అనేదాన్ని. అత్తకి తెలిసే వేసేది. తర్వాత అందరికీ వడ్డించి, తను మజ్జిగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుని, తొందరగా తినేసి లేచిపోయేది. ఇప్పుడు కళ్ళు సగం మూసుకోవడం లేదు. ఎవరు పిలిచినా పలుకుతోంది.

అలా ఎన్ని సెలవులు గడిచాయో. ఎక్కే బస్సులోనే నా నోట్లో నీళ్ళూరేవి, దిగేలోపు ఆవిడ ఏం తింటుందో గుర్తొచ్చేది, ఆ రెండూ కలిసే కంచం ముందు కూర్చునేవి. మనసు పాడైనంత మాత్రాన ముద్ద ఆగదని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. అమ్మ కూడా ఒక ముక్క తక్కువ వేసుకునేది, అంతే. మావయ్య తల వంచుకుని తినేవాడు. కూనిరాగం ఎప్పుడు మానేశాడో ఎవరూ గమనించలేదు. ఊళ్ళో ఎవరి మోటారు నీళ్ళలో మునిగినా బాగుచేసి పంపేవాడు. తన మంచం కిందున్న దాన్ని మాత్రం ముట్టుకోలేదు. గది ఊడ్చినప్పుడు అత్త చీపురు దాని చుట్టూ తిప్పేది. ఆయనకి కోపం తగ్గలేదని ఆవిడ అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

పద్నాలుగేళ్ళు వచ్చిన వేసవిలో నాకు సొంత ఫోనూ వచ్చింది, సొంత కోపమూ వచ్చింది. ఆ మధ్యాహ్నం కవ్వళ్ళ వేపుడు. కరకరలాడే తోక నేను నములుతుంటే, ఎదురుగా అత్త ఆవకాయ టెంకని చీకుతోంది. ఆ టెంకని ఆవిడ పట్టుకున్న తీరు, రెండు వేళ్ళతో, చేప తలకాయని పట్టుకున్నట్టే ఉంది. నాకేదో అయిపోయింది. కంచం తోసేశాను. వేపుడు ముక్కలు గచ్చంతా దొర్లాయి.

"ఇంకా ఎన్నాళ్ళు శిక్ష వేస్తావ్ మావయ్యా అత్తకి? ఊళ్ళో అందరివీ బాగుచేస్తావ్. ఆ ఒక్కటీ విప్పవేం?"

నోర్ముయ్యమని అత్త నా తొడ మీద ఒక్కటి పీకింది. మావయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ, నాతో కాకుండా అత్తతో అన్నాడు.

"నీ మీద కోపమేటే నాకు? ఇప్పి సూసి, ఇంక ఇది పలకదని తేలిపోతే, నువ్వింక బతికున్నన్నాళ్ళూ సేప ముట్టవు గదా. ఆ బయ్యానికే ఇప్పనేదు."

అత్త గచ్చు మీద పడిన ముక్కలన్నీ ఏరింది. ఏరి, చెయ్యి కడుక్కుని, లోపలి గదిలోకి వెళ్ళి, మంచం కిందనుంచి గోనెసంచిని తనే లాక్కొచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇప్పు మావా. పలక్కపోతే పోనాది. తెలవకండా ఉండడం కన్నా నయం."

వెనక చెక్క మరలు తుప్పుకి అతుక్కుపోయాయి. ఒక్కోదాని మీదా కిరసనాయిలు చుక్కలు వేసి నానబెట్టి, మర్నాటికి తీశాడు. లోపల బురద ఎండిన చెరువులా నెరలు విచ్చి ఉంది. నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో గోడ మీద గీత గీసినట్టు తెలుస్తోంది. ప్లైవుడ్డు మడత కాజాలా పొరలు పొరలుగా ఊడొస్తోంది. స్పీకరు కాగితం తడిసి ఎండిన అప్పడంలా ముడుచుకుపోయింది. గాజు వాల్వులు మాత్రం ఒక్కటీ పగల్లేదు. మావయ్య వాటిని కళ్ళజోడు తుడిచినట్టు పంచె కొసతో తుడిచి, వెలుగులో పెట్టి చూసి, చాలా ఏళ్ళ తర్వాత నవ్వాడు.

నేను ఫోన్లో ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో రాసినవి వెతికి చదివి వినిపించేదాన్ని. ఆయన మగ్గుతో మంచినీళ్ళు తెచ్చి, వాల్వులు తీసేసిన ఇనప చట్రం మీద పోస్తుంటే, నీళ్ళలో పాడైనదాని మీద మళ్ళీ నీళ్ళేంటని గొంతు చించుకున్నాను. బురద నీళ్ళది తప్పు, మంచినీళ్ళది కాదట. అప్పుడే ఫోన్లో కూడా అదే కనబడటంతో నోరు మూసుకున్నాను. కండెన్సర్ల దగ్గర మాత్రం నేనే గెలిచాను. పాతవి ఒకసారి పెట్టి చూద్దామని ఆయన, పేలిపోతాయని నేను. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా దెబ్బలాడి, అలిగి, అన్నం మానేసి, చివరికి నాన్న చేత విశాఖ నుంచి కొత్తవి తెప్పించాను. పాతదాన్ని ఒకటి మావయ్య చేత్తో నొక్కితే మెత్తగా ఉడికిన బంగాళాదుంపలా అణిగింది. ఆయన నా వైపు చూసి, నీ ఫోను కూడా ఒక్కోసారి అన్నం తింటాదే అన్నాడు.

వైండింగు షాపుల్లో ఏదైనా మొదటిసారి కరెంటు పెట్టేటప్పుడు మధ్యలో ఒక బల్బు పెడతారు. బల్బు మసగ్గా వెలిగితే లోపల బాగున్నట్టు, భగ్గున వెలిగితే లోపల ఎక్కడో కలిసిపోయి కాలిపోతున్నట్టు. మావయ్య ప్లగ్గు పెట్టాడు. బల్బు భగ్గుమంది. ఆ వెలుగులో ముగ్గురం ఒకరికొకరం స్పష్టంగా కనిపించాం. అత్త చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య ప్లగ్గు పీకి, ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యేసి, దీని పేగులు కుళ్ళిపోనాయి, తీసి కొత్తవి సుట్టాల, అన్నాడు.

పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టాలి, మళ్ళీ అన్నే చుట్టాలి. వలలు అల్లిన చేతులు కదా, మిషను పిడి అత్త తిప్పింది. తీగ పక్కకి జారకుండా మావయ్య వేళ్ళ మధ్యనుంచి వదిలాడు. ఆవిడ పైకి లెక్కపెట్టేది, ఆయన ప్రతి అంకెకీ ఊ కొట్టేవాడు. అన్నేళ్ళుగా తిన్నావా, తలుపు వెయ్యి తప్ప మాటల్లేని మనుషులు, రెండు మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చుని అంకెలే మాట్లాడుకున్నారు. నేను గుమ్మంలో కూర్చుని, ఫోను చూస్తున్నట్టు నటిస్తూ, వాళ్ళని విన్నాను. తర్వాత దాన్ని వార్నిష్‌లో ముంచి, లోపల బల్బులు వెలిగే రేకు డబ్బాలో పెట్టి ఆరబెట్టారు. స్పీకరుకి కొత్త కాగితం అతికించారు. బొబ్బిలిలో వీణలు చేసే స్నేహితుడు ఒకాయన, ఎప్పుడో ఆర్కెస్ట్రాలో పాటలు పాడినవాడే, వీణలకి పోగా మిగిలిన పనసచెక్కతో కొత్త పెట్టె కట్టిచ్చాడు. పాసింజరు బండిలో దాన్ని మావయ్య, నేను చెరో మోకాలి మీదా మోసుకుంటూ తెచ్చాం. బోగీ అంతా పనసపండు వాసన. ఎదుటి సీటావిడ సంచిలో పండుందేమోనని రెండుసార్లు అడిగింది.

పలికించే రోజు పొద్దున్నే మావయ్య ఫోన్ చేసి బావమరిదిని పిలిచాడు. అతను ఈసారి చేపలు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోలేదు, సైకిలు స్టాండు వేసి లోపలికొచ్చి కూర్చున్నాడు. చందువలు, నెత్తళ్ళు రెండూ. అత్త వాటిని పొయ్యి మీద పెట్టేదాకా మావయ్య ప్లగ్గు ముట్టుకోలేదు. ఈసారి బల్బు మసగ్గా వెలిగి ఊరుకుంది. వాల్వుల అడుగున వెలుగు పుట్టింది. అందరం చూస్తుంటే, పెట్టె ముందు గొంతు సవరించుకున్నట్టు గురగురమంది. గోడకున్న గిటారు దించి, తుప్పు పట్టిన తీగల్లో అన్నిటికంటే లావుదాన్ని మావయ్య ఒక్కసారి లాగాడు. శబ్దం ముందు గచ్చులోంచి నా అరికాళ్ళలోకి వచ్చింది. వంటింటి బల్ల మీద స్టీలు గ్లాసులు గలగలలాడాయి. నేను ఫోనెత్తి వీడియో తీస్తూ ఏడ్చాను. మావయ్య పెట్టె వైపు చూడనే లేదు. వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిన అత్త వైపే చూస్తున్నాడు.

ఆ పూట ఆయనే వడ్డించాడు. ముందు ఆవిడకి, ఆ దాకలోనే. మేమెవరం చెయ్యి పెట్టలేదు. అత్త ముల్లు అదే ఊపుతో తీసింది, ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకుంది. నమలడం మధ్యలో ఆగింది. మంచినీళ్ళతో మింగింది. ఇంకో ముద్ద పెట్టుకుంది, అదీ అలాగే దిగింది. మూడోది కలిపి, నోటిదాకా తెచ్చి, మళ్ళీ దాకలో పెట్టేసింది.

"ఏటో మావా. నీసు కొడతన్నాది."

ఇయ్యాల తెల్లారి పడిన చేపేనని వాళ్ళన్న ఒట్టు వేశాడు. మావయ్య ఆ దాకలోంచే ఒక ముక్క తీసి తిని చూశాడు. అందులో తప్పేమీ లేదు. "సేప మంచిదే" అంది అత్త. "నా నాలికే మర్సిపోనాది గావాల. మీరు తినండి, సల్లారిపోతాది."

మేం తిన్నాం. ఎవరూ వద్దనలేదు, ఎవరూ లేవలేదు. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

ఆ రుచి ఆవిడలోంచి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. మొదటి వేసవిలోనే పెట్టె విప్పి ఉంటే ఇంకా ఉండేదేమో. నేను కంచం తోసెయ్యడానికి నాలుగేళ్ళు పట్టింది, ఆ నాలుగేళ్ళూ గరిటెలో ఇంకో చుక్క వెయ్యమని అడుగుతూ కూర్చున్నాను. అమ్మ నన్ను చిన్నపిల్లవి కదే అంటుంది. చిన్నపిల్లలకి రుచి తెలుస్తుంది. ఆవిడ చూస్తుండగా తింటున్నానని కూడా నాకు తెలుసు. మావయ్య ఆ తర్వాత ఒక పండగ రోజు పెట్టె పలికించబోయి, అత్త వంటింట్లోకి వెళ్ళిపోవడం చూసి, స్విచ్ తీసేశాడు. నేను కాలేజీలో చేరి బేస్ నేర్చుకుంటానంటే, గిటారు, పెట్టె రెండూ ఆటో ఎక్కించి పంపేశాడు. అలా ఆ ఇంటి పాటా నా వాటాకే వచ్చింది, తిండీ నా వాటాకే వచ్చింది.

ఇప్పుడా పెంకుటిల్లు లేదు, ఆ జాగాలో శ్లాబు వేశారు, తుపానొచ్చినా పై కప్పు ఎగరదు. ఏడు పెంకులాట ఆడే పిల్లలూ లేరు. ఆర్కెస్ట్రా వాళ్ళని ఎవరూ పిలవరు, పండక్కి డీజే బండి వస్తుంది, దాని శబ్దానికి మావయ్య కొత్త కిటికీల అద్దాలు అదురుతాయి. కాలిన మోటారు పారేసి కొత్తది కొనుక్కునే రోజులొచ్చాక షాపు సాయంత్రం పూట ఒక గంట తీస్తున్నాడు. పనస పెట్టె నా గదిలో నిక్షేపంగా పలుకుతోంది.

మొన్న ఆదివారం అత్త వీడియో కాల్ చేసింది. మేడ మీద ఎండలో కూర్చుని నెత్తళ్ళు ఏరుతోంది. పట్నంలో మంచివి దొరకవని ఎండబెట్టి నాకు పంపడానికట. ముక్కుకీ నోటికీ అడ్డంగా చీర కొంగు బిగించి కట్టుకుంది. దుమ్ముగా ఉందా అత్తా అన్నాను. దుమ్మేటే, నీసుకి, అంది, కళ్ళతో నవ్వుతూ. సముద్రం పక్కన పుట్టిన మనిషి, చేప వాసనకి ముక్కు కట్టుకుని, నా కోసం ఒక్కో చేప తలా గిల్లుతోంది. వద్దత్తా, నాకేం వద్దు, లేచి లోపలికెళ్ళు అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా.

కొంచెం ఎక్కువే పంపు అత్తా, అన్నాను.